పిస్కాటవే దాకా మోసుకెళ్ళిన నోటుపుస్తకం

టెక్సస్‌లోని ఇర్వింగ్ నుంచి న్యూజెర్సీలోని పిస్కాటవేకి విమానంలో నాలుగు గంటల్లోపే వెళ్ళిపోవచ్చు. మేము వ్యానులో మూడు పగళ్ళు వెళ్ళాం. రోడ్డు మీదే వెళదామని పట్టుబట్టింది నేను. ఆ దారి చూడనివాళ్ళకు అక్కడ ఏమున్నాయో చెబుదామని రాయడం మొదలుపెట్టాను. నదులున్నాయి, కొండలున్నాయి, ఉడకబెట్టిన వేరుశనక్కాయలున్నాయి, పసుపుపచ్చ స్కూలు బస్సులున్నాయి. కానీ ఏది రాయబోయినా, వెనక సీటులో నా పక్కన కూర్చుని పెదాలు కదుపుతూ పాఠం వల్లిస్తున్న ఒక అమ్మాయి దగ్గరికే వచ్చి ఆగిపోతున్నాను.

ఇర్వింగ్

మాది చీరాల. ఇంటర్ మొదటి సంవత్సరంలోనే కాలేజీ మానిపించారు. మా ఊరి శాఖా గ్రంథాలయంలో కిటికీ పక్కన ఒక బీరువా ఉండేది. దాని నిండా ఎవరో విరాళంగా ఇచ్చిన ఇంగ్లీషు పుస్తకాలు. ఇంగ్లీషు నేర్చుకునే పరాయి దేశాలవాళ్ళ కోసం బ్రిటన్‌లో అచ్చువేసినవి. వాళ్ళ బడులు ఎలా నడుస్తాయి, పెద్దమనుషులు చదివే పేపరేది, గాలికబుర్ల పేపరేది, ఏ సెలవుకి ఎక్కడికి వెళతారు, అక్కడ ఏం తింటారు, అన్నీ బొమ్మలతో ఉండేవి. మధ్యాహ్నం అన్నాలయ్యాక వెళ్ళి కూర్చునేదాన్ని. ఐదేళ్ళలో ఆ బీరువా అంతా చదివి ఏడు నోటుపుస్తకాలు నింపాను. "ఈ తాళంచెవి నీ దగ్గరే ఉంచుకోమ్మా, ఇంకెవరూ అడగరు" అన్నారు గ్రంథపాలకులు ఒకసారి. ఆ మాట నేను ఇప్పటికీ పదిమందికి చెప్పుకుంటాను.

ఇప్పుడు ఇర్వింగ్‌లో ఒక ఇండియన్ స్టోర్‌లో కూరల కౌంటర్ దగ్గర పనిచేస్తాను. శనివారాలు మా తెలుగు చర్చి హాల్లో కొత్తగా వచ్చినవాళ్ళకు ఇంగ్లీషు చెబుతాను. నా పేరు రూతమ్మ. అక్కడ మాత్రం అందరూ టీచరమ్మా అంటారు. ఆ పిలుపు వింటే నాకు కడుపు నిండినట్టు ఉంటుంది.

సుగుణ ఆ క్లాసుకే వచ్చింది. బాపట్ల దగ్గర సముద్రం పక్క పల్లె. ఇరవై తొమ్మిదేళ్ళు. గుంటూరులో నర్సింగ్ చదివి, ఇక్కడికొచ్చి మాస్టర్స్ చేసింది. ఇక్కడి నర్సుల పరీక్ష కూడా పాసయింది. ఒక హాస్పిటల్ ఉద్యోగం ఇస్తామని ఉత్తరం ఇచ్చింది. అయితే వీసా కాగితాలకు బ్రిటిష్‌వాళ్ళు పెట్టే ఇంగ్లీషు పరీక్ష ఒకటి పాసవ్వాలి. చదవడం, రాయడం, వినడం అన్నిట్లోనూ కావలసిన మార్కులు వచ్చాయి. మాట్లాడే భాగంలో రెండుసార్లూ అర మార్కు తగ్గింది. నవంబర్ ఆఖరులోగా ఆ మార్కు చూపించకపోతే హాస్పిటల్ ఉత్తరం చెల్లదు. చదువు మీద వచ్చిన వీసా గడువు కూడా అయిపోతోంది. అంటే సామాన్లు సర్దుకుని వెళ్ళిపోవడమే.

"అర మార్కే కదమ్మా. అది నేను చూసుకుంటాను" అన్నాను.

డాలస్ చుట్టుపక్కల ఎక్కడా సీటు దొరకలేదు. న్యూజెర్సీలో దొరికింది. సరిగ్గా ఆ వారమే మా చర్చివాళ్ళు పాత వ్యాను ఒకదాన్ని పిస్కాటవే దగ్గరున్న చిన్న తెలుగు చర్చికి ఇచ్చేస్తున్నారు. దాన్ని నడుపుకుంటూ వెళ్ళేది దానియేలన్నయ్య. ఒంగోలు డిపోలో ముప్ఫై ఏళ్ళు ఆర్టీసీ బస్సు నడిపిన మనిషి. సుగుణ విమానం టికెట్ చూసుకుంటుంటే నేనే ఆపాను. మూడు రోజులు బండిలో కూర్చుంటే మూడు రోజులు చదివించవచ్చని నా లెక్క.

పాస్టర్‌గారు వ్యాను బానెట్ మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు. ఎవరో పులిహోర పొట్లాలు, గోంగూర పచ్చడి సీసా ఇచ్చారు. దానియేలన్నయ్య అద్దం సరిచేసుకుని, "టికెట్లు తీసుకోనోళ్ళు దిగండి. వచ్చే స్టాపు ఆర్కన్సా" అన్నాడు.

ఆర్కన్సా

టెక్సస్ దాటాక నేల పచ్చబడింది. దారి పొడుగునా పైన్ చెట్లే. మా వ్యాను మొదటి స్టాపులోనే మొండికేసింది. పక్కకు జరిగే తలుపు మూసుకుపోయి ఇక తెరుచుకోలేదు. మిగతా ప్రయాణమంతా సుగుణా నేనూ డ్రైవర్ పక్క సీటు మీంచి పాక్కుంటూ ఎక్కాం, దిగాం. "ఫుట్‌బోర్డు ప్రయాణం చేసినోళ్ళకి ఇదేం లెక్క చెల్లెమ్మా" అన్నాడు దానియేలన్నయ్య.

అలా పాకడంలో గోంగూర సీసా మూత ఊడి నా నోటుపుస్తకం మీద ఒలికింది. నూనె పదకొండు పేజీల దాకా దిగింది. అది సుగుణ కోసం ప్రత్యేకంగా తయారుచేసిన పుస్తకం. పాత ఏడు పుస్తకాల్లోంచి ఏరి, మూడు భాగాలు చేశాను: చదువులు, వార్తా పత్రికలు, సెలవులు. పరీక్షలో ఎక్కువగా అడిగేవి అవేనని విన్నాను. ఒక్కో ప్రశ్నకి ఒక్కో జవాబు, రెండు నిమిషాలకు సరిపోయేలా. తను అవి నోటికి నేర్చుకోవాలి. మనవైపు పరీక్షలన్నీ అలాగే కదా పాసయ్యాం. ఇంపార్టెంట్ క్వశ్చన్స్ గుర్తుపెట్టుకుని, గైడు బట్టీపట్టి, ఆన్సర్ షీటులో దించేశాం.

అందులో ఇంకో ఉపాయం కూడా వేశాను. పరీక్ష బ్రిటిష్‌వాళ్ళది. కాబట్టి జవాబులన్నీ బ్రిటన్ గురించే రాశాను. నా చిన్నప్పుడు మా బడికి ఇన్‌స్పెక్టర్ వస్తే, హెడ్మాస్టరు ముందే ఆయనది ఏ ఊరో కనుక్కుని, ఆ ఊరి గొప్పలు మాచేత పద్యంలా చెప్పించేవారు. ఇన్‌స్పెక్టర్ పొంగిపోయేవాడు. మనిషికి తన ఊరి గురించి చెబితే సంతోషించనివాడు ఎవడుంటాడు?

ఆ సాయంత్రం మోటెల్‌లో దిగాం. యజమాని గుజరాతీ. మా పులిహోర వాసన చూసి అతనే మైక్రోవేవ్ తెచ్చిచ్చాడు. మర్నాడు పొద్దున టిఫిన్ దగ్గర అతన్ని పేపర్ అడిగాను. సుగుణకు నిజం పేపర్ ఒకటి చూపించి, పెద్దమనుషుల పెద్ద పేపరుకీ గాలికబుర్ల చిన్న పేపరుకీ తేడా విప్పిచెప్పాలని.

"పేపర్ రావడం మానేసి చాలా ఏళ్ళయింది మాడమ్" అన్నాడతను. గోడ మీద టీవీ చూపించాడు. అందులో నలుగురు ఒకేసారి అరుచుకుంటున్నారు. కింద టిఫిన్‌కి వచ్చినవాళ్ళు పిండి పోసుకుని ఎవరి వాఫుల్ అట్లు వాళ్ళు కాల్చుకుంటున్నారు. ఒక్కరూ తలెత్తి చూడటం లేదు. చీరాలలో టీకొట్టు దగ్గర ఒకే పేపర్‌ని నాలుగు ముక్కలు చేసి నలుగురు చదివేవాళ్ళు. ఒకడు చదివింది ఇంకొకడికి చెబుతుంటే తగువులు కూడా అయ్యేవి. తరువాత రెండు పెట్రోలు బంకుల్లో అడిగాను. రెండోచోట కౌంటర్ మీదున్న అబ్బాయి నేను ఏదో మందు పేరు చెప్పినట్టు చూశాడు.

"చేతిలో పేపర్ లేకపోయినా పర్లేదు, పుస్తకంలో ఉంది" అని పందొమ్మిదో పేజీ తీశాను. ప్రపంచంలో ఆ పేజీ ఉన్నంత కాలం ఏ లోటూ లేదనే నా ధీమా.

మెంఫిస్ వంతెన, ఆ తరువాత

మిసిసిపీ నది మీద వంతెన దాటుతుంటే దానియేలన్నయ్య బండి నెమ్మది చేశాడు. "కృష్ణ బ్యారేజీ మీద పోతున్నట్టు లేదూ? కాకపోతే ఆడ కాసేపు ఆపి చెరుకురసం తాగొచ్చు. ఈడ ఆపితే కేసు" అన్నాడు. నీళ్ళు మట్టిరంగులో, బరువుగా కదులుతున్నాయి. సుగుణ కిటికీకి ముఖం ఆనించి చూస్తోంది.

"సుగుణా, సెలవుల పాఠం" అన్నాను.

తను కళ్ళు మూసుకుని మొదలుపెట్టింది. చిన్నప్పుడు వేసవి సెలవుల్లో బ్రైటన్ అనే ఊరి సముద్రానికి వెళ్ళేవాళ్ళం. రైల్లో వెళ్ళేవాళ్ళం. ఒడ్డున గాడిద సవారీ చేసేవాళ్ళం. ఫ్లాస్కులో టీ, తడిసిన శాండ్‌విచ్‌లు. ఎప్పుడూ వాన పడేది, అయినా మాకు ఆనందంగా ఉండేది. తరువాత క్రిస్మస్ గురించి, దాని మర్నాడు వచ్చే బాక్సింగ్ డే గురించి, ఆ రోజు ఇంట్లో అందరూ ఏం చేస్తారన్న దాని గురించి.

దానియేలన్నయ్య అద్దంలోంచి చూశాడు. "ఏమ్మా సుగుణా, నువ్వెప్పుడు ఎక్కావు గాడిద?"

"ఎక్కలేదంకుల్."

"మీ టీచరమ్మ ఎక్కిందా?"

"అన్నయ్యా, రోడ్డు చూడు" అన్నాను.

"చూస్తానే ఉన్నా. రోడ్డు మీద గాడిద ఒక్కటీ లేదు. ఉన్నయ్యన్నీ బండ్లోనే ఉన్నయ్."

సుగుణ నవ్వు ఆపుకోలేక దగ్గింది. నేను నవ్వలేదు. ఇంకోసారి మొదటినుంచి చెప్పించాను.

టెన్నెసీ కొండల్లో

నాక్స్‌విల్ దాటాక రోడ్డు పక్కన ఒక రేకుల షెడ్డు, దాని ముందు పెద్ద డేగిశాలో పొగలు. ఉడకబెట్టిన వేరుశనక్కాయలు. నాకు కళ్ళ నీళ్ళొచ్చినంత పనయింది. అమెరికాలో పన్నెండేళ్ళుగా ఉంటూ ఇవి అమ్మడం మొదటిసారి చూశాను. కాగితం కప్పు ఐదు డాలర్లు. బాపట్ల రైల్వే గేటు దగ్గర పొట్లం పది రూపాయలు. ఉప్పు మాత్రం రెండుచోట్లా ఒకటే.

అమ్ముతున్నావిడకు డెబ్బై ఏళ్ళుంటాయి. ఆమె భర్త మడతకుర్చీలో కూర్చున్నాడు. కాళ్ళకు బూట్లు లేవు, మెత్తటి చెప్పులు. సుగుణ కాయలు ఒలుచుకుంటూ ఆయన కాళ్ళవైపే చూస్తోంది. కాసేపటికి కప్పు నా చేతికిచ్చి ఆయన ముందు గొంతుకూర్చుంది. "నేను నర్సుని. చూడొచ్చా?" అని అడిగి, కాలి ఎముక మీద బొటనవేలితో నొక్కింది. తీశాక గుంట అలాగే ఉండిపోయింది.

ఆ తరువాత తను మాట్లాడిన ఇంగ్లీషు నేను ఆ రోజు దాకా వినలేదు. బూట్లు ఎప్పటినుంచి పట్టడం లేదు, పడుకునేటప్పుడు ఎన్ని దిండ్లు వేసుకుంటారు, ఒంట్లో చేరిన నీరు దిగడానికిచ్చే నీళ్ళమాత్ర ఏ పూట వేసుకుంటున్నారు, మెట్లెక్కితే ఆయాసం వస్తుందా. ఆయన మొదట జోకులేశాడు, తరువాత నిజాలు చెప్పాడు. నీళ్ళమాత్ర వేసుకుంటే మాటిమాటికీ వెళ్ళాల్సొస్తుంది, షెడ్డు దగ్గర బాత్రూమ్ లేదని మానేశాడట.

"నేను నెల నుంచి అడుగుతున్నా. ఈ ముక్క నాకు చెప్పలేదు" అంది ముసలావిడ. సోమవారమే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళమని సుగుణ చెప్పింది. సోమవారం దాకా ఆగొద్దు, వీలైతే రేపే అని మళ్ళీ అంది.

ఆవిడ డబ్బులు తీసుకోకుండా ఇంకో కప్పు నింపి ఇచ్చింది. "మీ దేశంలో ఇవి తింటారా?" అని అడిగింది.

"మా సముద్రం దగ్గర" అంది సుగుణ. "క్రిస్మస్ మర్నాడు. మా చర్చివాళ్ళం ట్రాక్టర్ మీద వెళ్ళాం. పొద్దున్నే. అందరి దగ్గరా ఈ కాయలు. నాకు ఎనిమిదేళ్ళు. ఆ రోజు సముద్రం వెనక్కి..."

ఆవిడ గరిటె పక్కన పెట్టి వింటోంది. ఆయన కూడా ముందుకు వంగాడు.

నాకు చేతిగడియారం మీద ధ్యాస. సెలవుల పాఠం ఇంకా రెండుసార్లు కావాలి. "సుగుణా, పొద్దు పోతోంది. పదమ్మా" అన్నాను.

తను ఆగింది. వాళ్ళిద్దరికీ చెయ్యి ఊపి, ముందు సీటు మీంచి పాక్కుంటూ లోపలికి వచ్చింది. బండి కదిలాక అడిగింది.

"టీచరమ్మా, సెలవు గురించి అడిగితే నేను మా సముద్రం గురించి చెప్పకూడదా? అదైతే గుర్తుపెట్టుకోనక్కర్లేదు."

"ఇప్పుడు మాట్లాడిన ఇంగ్లీషా? తప్పులు వినపడ్డాయి నాకు. అది రోడ్డు పక్కన సరిపోతుంది, పరీక్షలో పనికిరాదు. ట్రాక్టర్లు, శనక్కాయలు వాళ్ళకెందుకు? వాళ్ళకు తెలిసింది చెప్పాలి, ఒక్క తప్పు లేకుండా."

"సరే టీచరమ్మా" అంది. అంతే. ఎదురు చెప్పే అలవాటు లేని పిల్ల. ఆ 'సరే' నేను ఎన్నిసార్లు తలచుకున్నానో.

వర్జీనియా

మూడో రోజు పొద్దున వర్జీనియా లోయలో పొగమంచు. ఇళ్ళ గుమ్మాల ముందు పోయిన నెల పండక్కి పెట్టిన గుమ్మడికాయలు కుళ్ళిపోతున్నాయి. పక్కనే క్రిస్మస్ చెట్లు కట్టకట్టి అమ్మకానికి పెట్టారు. నడుమ రావలసిన థ్యాంక్స్‌గివింగ్ పండగ ఇంకా రానేలేదు. ఈ దేశంలో ఒక పండగ ఇంకోదాని వీపు మీద ఎక్కి వస్తుంది.

ఒకచోట పసుపుపచ్చ స్కూలు బస్సు ఆగి, పక్కనుంచి ఎర్ర పలక చాచింది. ఇటు బళ్ళు, అటు బళ్ళు ఎక్కడివక్కడ నిలిచిపోయాయి. వీపున సంచి వేసుకున్న ఒక్క పిల్ల తాపీగా రోడ్డు దాటింది. దానియేలన్నయ్య స్టీరింగ్ మీంచి చేతులు తీసి కూర్చున్నాడు. "ముప్ఫై ఏళ్ళు తోలాను. నా బస్సుకి గేదె కూడా ఆగలా" అన్నాడు.

"మా బడికి మూడు కిలోమీటర్లు నడిచేవాళ్ళం" అంది సుగుణ. "సునామీ తరువాత సంవత్సరం బడి లేదు. చర్చిలోనే చెప్పారు. బల్లలు లేక గోనెసంచుల మీద..."

"చదువుల పాఠం తియ్యమ్మా" అన్నాను. గోంగూర నూనెకి ఆ పేజీలు అద్దంలా అయ్యాయి, ఒకదాని అక్షరాలు ఇంకోదాని మీద కనబడుతున్నాయి. తనకు పుస్తకం అవసరం లేదు. యూనిఫాం టై, పిల్లల్ని జట్లుగా విడదీసి వాటికి పేర్లు పెట్టడం, టర్ము మధ్యలో వచ్చే వారం సెలవు, పెద్ద క్లాసు పిల్లలు చిన్నవాళ్ళను అదుపులో పెట్టడం, అంతా గుక్క తిప్పుకోకుండా చెప్పింది. చివర్లో దానియేలన్నయ్య కూడా కొన్ని మాటలు కలిపాడు. మూడు రోజులు విని విని ఆయనకూ వచ్చేసింది.

ఇక భయంలేదనుకున్నాను.

పిస్కాటవే

చిన్న చర్చివాళ్ళు మమ్మల్ని బాగా చూసుకున్నారు. తెరుచుకోని ఆ వ్యాను తలుపు ముందు అందరూ నిలబడి ఫొటో దిగారు. మర్నాడు పొద్దున తొమ్మిదికి సుగుణను పరీక్ష కేంద్రం దగ్గర దించాం. నీలం చుడీదార్, ఉన్ని కోటు. లోపలికి వెళుతూ ఒకసారి వెనక్కి తిరిగి, చూపుడువేలితో గాలిలో గాడిద చెవులు గీసి నవ్వింది. దానియేలన్నయ్య కోసం.

రోడ్డుకి అవతల ఒక ఇండియన్ టిఫిన్ సెంటర్ ఉంది. ఇడ్లీ ప్లేటు తొమ్మిది డాలర్లు, చట్నీ ఇంకోసారి అడిగితే మొహం ముడుచుకుంటారు. మా ఇర్వింగ్‌లో బకెట్‌తో పోస్తారు. మా బల్ల దగ్గరే ఒక అమ్మాయి లాప్‌టాప్ పెట్టుకుని కూర్చుంది. పేరు శ్రావణి, కరీంనగర్. ఇక్కడి యూనివర్సిటీలో ఫార్మా మాస్టర్స్. ఎందుకొచ్చారు ఆంటీ అంటే చెప్పాను. మూడు రోజుల కథా చెప్పాను, నోటుపుస్తకం తీసి చూపించాను. చీరాల బీరువా, తాళంచెవి సంగతి కూడా చెప్పాను.

శ్రావణి పేజీలు తిప్పింది. "హ్యాండ్‌రైటింగ్ మస్తుంది ఆంటీ" అంది. తరువాత మెల్లగా అడిగింది. "ఇవన్నీ అక్కకి బై హార్ట్ చేపిచ్చిన్రా?"

"అక్షరం పొల్లుపోదు."

ఆ అమ్మాయి దానియేలన్నయ్య వైపు చూసింది, మళ్ళీ నావైపు. "ఆంటీ, ఫీల్ అవ్వకండి. నేను రెండుసార్లు రాసిన ఆ ఎగ్జామ్. బట్టీ కొట్టిన ఆన్సర్ చెప్తే వాళ్ళు పట్టేస్తరు. అది మన ఇంగ్లీష్ కాదని లెక్క. ఫస్ట్ టైమ్ నాకు అట్లనే పోయింది. సెకండ్ టైమ్ మా నానమ్మ బీడీలు చుట్టుడు గురించి చెప్పిన. ఎన్ని తప్పులు మాట్లాడిన్నో నాకే తెల్వదు. వచ్చేసింది."

ఇడ్లీ చేతిలోనే ఉండిపోయింది. గోడ గడియారంలో తొమ్మిదీ నలభై. సుగుణ ఫోను పరీక్ష కేంద్రం లాకర్‌లో ఉంటుంది. లేచి రోడ్డు దాటి వెళ్ళాను. అద్దం తలుపు వెనక కూర్చున్న మనిషి, పరీక్ష మొదలయ్యాక ఎవరినీ పిలవడం కుదరదంది. మర్యాదగానే చెప్పింది. చెప్పవలసిన మాట ఒకటే ఉంది నా దగ్గర, ట్రాక్టర్ గురించే చెప్పమ్మా అని. నాలుగు గోడల అవతల ఉంది ఆ పిల్ల. నోరు తెరిచి నేను నేర్పింది చెబుతోంది.

దానియేలన్నయ్య వచ్చి నా పక్కన బెంచీ మీద కూర్చున్నాడు.

సుగుణ బయటికి వచ్చేసరికి మధ్యాహ్నమైంది. కోటు చేతి మీద వేసుకుని, నెమ్మదిగా నడుచుకుంటూ వచ్చింది.

"సెలవు గురించే వచ్చింది టీచరమ్మా" అంది. నవ్వడానికి ప్రయత్నించింది. "స్క్రీన్ మీద ఒకావిడ. మంచావిడే. మీ చిన్నప్పుడు మర్చిపోలేని సెలవు గురించి చెప్పండి అని కార్డు. నేను మొత్తం చెప్పాను, ఒక్క ముక్క మర్చిపోలేదు. ఆవిడ అంతా విని, మీరు ఇంగ్లాండులో ఎప్పుడు ఉన్నారు అని అడిగింది."

"నువ్వేమన్నావు?"

"ఎప్పుడూ లేనండీ అన్నాను. ఆవిడ, పోనీ మీ ఊళ్ళో జనానికి వార్తలు ఎలా తెలుస్తాయి అని అడిగింది. నాకు పందొమ్మిదో పేజీ వచ్చేసింది టీచరమ్మా. ఆపుకోలేకపోయాను. పెద్ద పేపర్లు, చిన్న పేపర్లు... మా ఊరికి పేపరే రాదు. మైకులో చెబుతారు. ఆ మాట నాకు గుర్తే రాలేదు."

శ్రావణి చెప్పింది నేను తనకు చెప్పలేదు. ఆ ధైర్యం నాకు లేకపోయింది.

తిరుగు ప్రయాణం

వచ్చేటప్పుడు విమానమే. దానియేలన్నయ్యకు వెనక ఎక్కడో సీటు వచ్చింది. సుగుణ కిటికీ దగ్గర, నేను పక్కన. చాలాసేపు మేఘాలు చూస్తూ కూర్చున్నాం. ఏదో ఒకటి అడగాలని, "ఆ రోజు శనక్కాయలావిడకు ఏదో చెప్పబోయావు కదమ్మా, సముద్రం వెనక్కి అని" అన్నాను.

అప్పుడు చెప్పింది, తెలుగులో, ఎవరికో జరిగినట్టు. అది ఆదివారం. ఆరాధన పదకొండింటికి కాబట్టి పిల్లల్ని పొద్దున్నే సముద్రానికి తీసుకెళ్ళారు. ఇసుకలో ఆటలు, అందరి ఒళ్ళోనూ ఉడికిన కాయలు. ఉన్నట్టుండి నీళ్ళు ఎప్పుడూ పోనంత దూరం వెనక్కి పోయాయి. తడి ఇసుకలో చేపలు ఎగురుతుంటే పిల్లలంతా ఏరుకోవడానికి పరుగెత్తారు. సండే స్కూల్ చెప్పే అక్క ఒక్కతే ఎందుకో భయపడి, వెనక్కి రండి వెనక్కి రండి అని అరుస్తూ వాళ్ళ వెనకే పరుగెత్తింది. ఒక్కొక్కరినీ రెక్క పట్టుకుని ఒడ్డు మీదికి తోసింది.

"ట్రాక్టర్ మీద పద్దెనిమిది మందిమి వెళ్ళాం. పదిహేడు మందిమి వచ్చాం" అంది సుగుణ. "ఆమెని మేమందరం టీచరమ్మా అనేవాళ్ళం. ఆ సాయంత్రం ఆస్పత్రిలో ఒక నర్సు నన్ను ఒళ్ళో పడుకోబెట్టుకుని చెవుల్లో ఇసుక తీసింది. చీకటిపడే దాకా తీస్తూనే ఉంది. అప్పుడే అనుకున్నాను, నేనూ నర్సునవుతానని."

ఎయిర్‌హోస్టెస్ వచ్చి ఏం తాగుతారని అడిగింది. సుగుణ నీళ్ళు చాలంది. నాకు కూడా తనే చెప్పింది.

మళ్ళీ ఇర్వింగ్

ఫలితం వారంలో వచ్చింది. చర్చి హాల్లో, కుర్చీలు సర్దుతుండగా ఫోనులో చూసుకుంది. ఇంతకుముందు అర మార్కు తక్కువ. ఈసారి మార్కున్నర తక్కువ. నేను ఏదో అనబోయాను. "పర్లేదు టీచరమ్మా. మీరు చాలా కష్టపడ్డారు" అని నా చెయ్యి నొక్కింది. తిట్టి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను.

డిసెంబర్ మూడో వారంలో వెళ్ళిపోయింది. ఎయిర్‌పోర్టుకి దానియేలన్నయ్యే తీసుకెళ్ళాడు, నేనూ వెంట వెళ్ళాను. కారు దిగుతూ తను నోటుపుస్తకం నా చేతిలో పెట్టింది. వేరేవాళ్ళకు పనికొస్తుందని. గుంటూరులో ఇక్కడికి రాకముందు పనిచేసిన ఆస్పత్రిలోనే చేరబోతోందట. టెన్నెసీలో ఆ ముసలాయన డాక్టర్ దగ్గరికి వెళ్ళాడో లేదో మనకు తెలిసే దారి లేదే అని బాధపడింది. మేము వాళ్ళ పేర్లయినా అడగలేదు.

శనివారం క్లాసుకి ప్లేనో నుంచి కొత్తగా ఒకావిడ వచ్చింది. "నోట్స్ మీ దగ్గర చాలా బాగుంటాయట కదండీ" అంది. లేవన్నాను. ఆ పూట ఏం చెప్పాలో తెలియలేదు. మీ ఊళ్ళో వాన పడితే ఏం చేస్తారో చెప్పండి అన్నాను. ఆవిడ ఇంగ్లీషులో మూడు మాటలు చెప్పి సిగ్గుపడి కూర్చుంది. నేను కూడా కూర్చున్నాను.

ఇది రాస్తున్నది క్రిస్మస్ మర్నాడు. స్టోర్‌లో పొద్దుటి నుంచి జనం, కేకులు సగం ధరకి పెట్టారు. ఇంటికొచ్చి ఆ నోటుపుస్తకం తీశాను. గోంగూర వాసన పోలేదు. సెలవుల భాగంలో ఈ రోజుకి ఒక పేజీ మొత్తం ఇచ్చాను. ఇరవై ఆరో తేదీ, బాక్సింగ్ డే, కుటుంబమంతా మిగిలిన కేకు తింటూ హాయిగా గడిపే రోజు. వేలు పెట్టి ఒక్కో పదం చదువుకుంటూ పోయాను, ఎక్కడైనా తప్పు దొరుకుతుందేమోనని.

ఒక్కటీ లేదు.